యంత్రం పక్కన: పాత ఫోర్‌మన్ జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం రోబోల గోలే. జీతాలు, పీఎఫ్ సంగతులు వచ్చే నెలకు వాయిదా వేసి ఇవన్నీ ఒకచోట పెట్టాను. ఈ పేజీ కొత్తగా చదివేవారికి ఒక మాట. నేను మనస్తత్వ శాస్త్రవేత్తను కాను. విజయవాడ ఐటీఐలో వెల్డింగ్ నేర్చుకుని, 1998 నుంచి పంతొమ్మిదేళ్లు చెన్నై శివార్లలో కార్ల బాడీలు అతికే షాపులో పనిచేశాను. మొదట వెల్డింగ్ గన్ను నేను పట్టాను. తర్వాత గన్ను పట్టిన రోబోలకు మరమ్మతు చేశాను. ఎడమ చెవి సరిగా వినపడదు. కుడి చెవిన పడినవే రాస్తాను.

*

ప్రశ్న: మాస్టారూ, శ్రీసిటీలో వాహనాల విడిభాగాలు చేసే చోట రెండేళ్లుగా పనిచేస్తున్నాను. తిరిగే బల్లకు ఇవతలి పక్క, ముక్కలు కదలకుండా పట్టే ఫిక్స్‌చర్‌లో ఒక రేకు, రెండు బ్రాకెట్లు అమర్చి బొత్తాం నొక్కాలి. అవతలి పక్క రోబో వెల్డ్ చేస్తుంది. బరువైన పనేమీ కాదు. కానీ చాలాసార్లు నేను అమర్చేలోపే అది తన పని ముగించి, చెయ్యెత్తి నిలబడిపోతుంది. పైన పసుపు దీపం వెలుగుతుంది. ఆ దీపం చూస్తే గుండె దడ. ఇంట్లో అన్నం తింటున్నా వెనక ఎవరో నిలబడి ఉన్నట్టే ఉంటుంది. తొందరలో రేకు తిరగేసి పెట్టి ఈ నెలలో మూడుసార్లు తిట్లు తిన్నాను. ఇది జబ్బా?
– పేరు వద్దన్న పాఠకుడు, సూళ్లూరుపేట

జబ్బు కాదు తమ్ముడూ. ఆ పసుపు దీపం నాకూ తెలుసు. మా షాపులో ఒక ఆపరేటరు దాని మీద అట్టముక్క అంటించేవాడు. సూపర్‌వైజర్ వచ్చి పీకేసేవాడు, మర్నాటికి మళ్లీ అట్ట ఉండేది. వాళ్లిద్దరి మధ్య ఆ యుద్ధం ఏడాది నడిచింది.

ముందు ఒక లెక్క చూడు. నీ రోబో ఒక్కో ముక్కకు 38 సెకన్లు తీసుకుంటుందనుకుందాం. పొద్దున అయినా, రాత్రి షిఫ్టులో తెల్లవారుజామున నాలుగింటికైనా అదే 38. నువ్వూ సగటున 38లోనే అమరుస్తావు. అయితే ఒకసారి 33 పడుతుంది, ఒకసారి 43. రేకులు నూనెకు అతుక్కుని జంటగా వస్తే 50. మనిషి చెయ్యి అలాగే ఉంటుంది. 33లో ముగించినప్పుడు నువ్వు మిగిల్చిన ఐదు సెకన్లు ఎవరి ఖాతాలోనూ పడవు, అప్పటికి రోబో ఇంకా వెల్డ్ చేస్తూనే ఉంటుంది కనుక. 50 పట్టినప్పుడు పోయిన పన్నెండు సెకన్లు మాత్రం పసుపు దీపమై అందరికీ కనబడతాయి. నీ తొందరకు లెక్క లేదు, నీ ఆలస్యానికి లెక్క ఉంది. రోజుకు కొన్ని వందలసార్లు ఈ అన్యాయపు లెక్కలో ఓడిపోతే ఎవరికైనా దడ పుడుతుంది.

కాబట్టి మార్చాల్సింది లెక్కను. రెండు మూడు సెట్లు ముందే విడదీసి పెట్టుకునే ట్రే ఒకటి నీ చేతికందే చోట ఉండాలి. రేకుల కట్ట పక్కన అయస్కాంతాలు పెడితే పైరేకు దానంతట అదే లేచి విడిపోతుంది. ఇది చాలా పాత చిట్కా, పెద్ద ఖర్చు లేదు. తిరగేసిన రేకు అసలు కూర్చోకుండా ఫిక్స్‌చర్‌లో ఒక పిన్నును పక్కకు జరపాలి. ఆ పిన్ను లేనన్నాళ్లూ నువ్వు తిన్న తిట్లు ఫిక్స్‌చర్ గీసినవాడికి చెందాల్సినవి. ఇవన్నీ చేశాక కూడా దీపం వెలుగుతుంటే రోబోనే రెండు మూడు సెకన్లు నెమ్మది చెయ్యమను. నవ్వుతారు, నవ్వనీ. 2009లో మా రోబో ఒకదాన్ని మూడు సెకన్లు నెమ్మది చేయించడానికి నేను నాలుగు నెలలు బతిమాలాను. షిఫ్టు చివర మంచి ముక్కల సంఖ్య ఒక్కటీ తగ్గలేదు. తిరిగి చేయాల్సిన ముక్కలు తగ్గి ఆ సమయం అక్కడ కలిసొచ్చింది.

ఈ కథ నీతో మొదలైంది కాదు. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని లార్డ్స్‌టౌన్‌లో జనరల్ మోటార్స్ వారి కర్మాగారం ఉండేది. వెల్డింగ్‌కు రోబోలు పెట్టి, అప్పటికి అదే అత్యంత ఆధునికమైన లైన్ అని చెప్పుకున్నారు. మామూలుగా గంటకు అరవై కార్లు వచ్చే కాలంలో అక్కడ గంటకు నూరు. అంటే ఒక్కో కారుకు మనిషికి దొరికేది 36 సెకన్లు. పనివాళ్లలో ఎక్కువమంది పాతికేళ్ల కుర్రాళ్లు. జీతాలు మంచివే. అయినా 1972 మార్చిలో పని ఆపి 22 రోజులు బయట నిలబడ్డారు. వాళ్ల గొడవ కూలి పెంచమని కాదు, లైను వేగం గురించి, మనుషుల్ని తగ్గించి మిగిలినవారి మీద పని వేయడం గురించి.

నిన్ను సమ్మె చెయ్యమనడం లేదు. ఒక షిఫ్టులో ఇరవై ముక్కలకు పట్టిన సమయం పక్కవాడి చేత కాగితం మీద రాయించు. రేకులు అతుక్కున్న చోటల్లా గుర్తు పెట్టించు. ఆ కాగితం పట్టుకుని సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లు. ‘దడగా ఉంది’ అంటే సెలవు పెట్టుకోమంటాడు. ‘ఇరవైలో ఆరుసార్లు రేకులు అతుక్కుంటున్నాయి’ అంటే లేచి వచ్చి చూస్తాడు. షాపుల్లో గుండె భాష పనిచెయ్యదు, అంకెల భాషే పనిచేస్తుంది. ఇది నాకూ నచ్చదు.

*

ప్రశ్న: చక్కగా ‘మరమనిషి’ అనే తెలుగు మాట ఉండగా పదేపదే రోబో అని ఎందుకు రాస్తారు?
– విశ్రాంత తెలుగు పండితులు, హనుమకొండ

అయ్యా, మా షాపులో ఉన్నవాటిలో ఒక్కదానికీ మనిషి పోలిక లేదు. ఏనుగు తొండం పోలిక ఉంది. అందుకే మరమనిషి అనబుద్ధి కాదు. ఇక రోబో అన్న మాటంటారా, 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ రాసిన నాటకంతో అది లోకంలోకి వచ్చింది. ఆ పేరు సూచించింది ఆయన అన్న జోసెఫ్. చెక్ భాషలో ‘రోబోటా’ అంటే దొర పొలంలో కూలి లేకుండా చేసి తీరాల్సిన చాకిరి. దానికి తెలుగు మాట వరంగల్లు వారికి నేను చెప్పాలా? వెట్టి. తెలుగు చెయ్యాలంటే ‘వెట్టిది’ అనాలి. మీరు ఒప్పుకుంటే నాకూ సమ్మతమే.

*

ప్రశ్న: బాలానగర్‌లో పద్నాలుగు మందితో చిన్న మెషీన్ షాపు నడుపుతున్నాను. అప్పు చేసి, కంచె అక్కర్లేని కోబాట్ ఒకటి కొన్నాను. అమ్మినవారు ‘దీని పక్కన పసిపిల్లలు ఆడుకోవచ్చు’ అన్నారు. నాలుగు నెలలైంది, మా టర్నర్లు, అంటే లేత్ పనివాళ్లు, దాని చుట్టుపక్కలకు పోరు. ఇరవై రెండేళ్లుగా నా దగ్గరున్న పెద్దాయన అయితే దానికి వీపు పెట్టి నిలబడనని తెగేసి చెప్పారు. వీళ్ల భయం పోగొట్టే మార్గం చెప్పండి.
– ఒక యజమాని, హైదరాబాద్

పసిపిల్లల మాట చెప్పిన ఆ అమ్మకందారును మళ్లీ గేటు దాటి రానివ్వకండి.

కోబాట్ అంటే మనిషి పక్కనే పనిచేసేలా బలం, వేగం తగ్గించిన రోబో. ఈ ఆలోచనకు అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో మైకేల్ పెష్కిన్, ఎడ్వర్డ్ కోల్గేట్ అనే ఇద్దరు ఆచార్యులు 1996లో పునాది వేశారు. తగిలితే ఎంతవరకు ఫరవాలేదో చెప్పడానికి 2016లో ఒక అంతర్జాతీయ పత్రం వచ్చింది. శరీరం మీద 29 చోట్ల ఎంత ఒత్తిడికి నొప్పి మొదలవుతుందో అందులో పట్టిక ఉంది. ముఖానికి, తలకు మాత్రం తగలనే కూడదు. మీ పెద్దాయన ఆ పట్టిక చదివి ఉండరు. కానీ ఇరవై రెండేళ్లు లేత్ ముందు నిలబడినవారికి ఒకటి తెలుసు: మెత్తగా ఉన్నది రోబో చెయ్యి మాత్రమే. ఆ చేతి చివరనున్న పట్టుకొక్కెం, అది పట్టుకున్న ముక్క, ఆ ముక్క అంచున గీసి తీయకుండా మిగిలిన వాడి మొన (బర్రు), ఇవేవీ మెత్తన కాదు. అంచు వాడిగా ఉన్న ముక్కను పట్టుకున్న కోబాట్‌కు కంచె అక్కర్లేదని ఎవరన్నా నమ్మకండి. యంత్రానికి కాదు, అది చేసే పనికి జాగ్రత్త లెక్క వెయ్యాలి. నడిచే యంత్రానికి కంచె ఉండాలన్నది 1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ నాటినుంచీ ఉన్న మాటే.

వీపు సంగతికి వద్దాం. 2010లో టోక్యో పరిశోధకులు రోబో ముందు మనుషుల్ని కూర్చోబెట్టి, చర్మం మీది చెమటను బట్టి వారి బెదురును కొలిచారు. రోబో దగ్గరికొచ్చేకొద్దీ, వేగం పెరిగేకొద్దీ బెదురు పెరిగింది. ఎప్పుడు కదలబోతోందో ముందే తెలిసినప్పుడు తగ్గింది. పెద్దాయన అడుగుతున్నదీ అదే, ఆయనకు వెనక కళ్లు లేవు. లేత్‌నో కోబాట్‌నో కాస్త తిప్పి, రెండూ ఆయన చూపులో ఉండేలా పెట్టించండి. కదిలేముందు ఒక చిన్న కూత, ఒక పచ్చదీపం పెట్టించండి. నేల మీద దాని చెయ్యి అందేంత మేర గీత గీయించండి. వీటికి ఒక ఆదివారం చాలు.

ఇప్పుడు నేను అడుగుతాను. కొనేముందు ఆ పద్నాలుగు మందిలో ఎవరినైనా అడిగారా? మీ ఉత్తరంలో ఆ ఊసు లేదు కాబట్టి అడగలేదనే అనుకుంటున్నాను. ఇప్పుడైనా అడగండి. ‘ఈ షాపులో ఏ పని మీ నడుము విరుస్తోంది?’ అనండి. 1961లో అమెరికాలోని న్యూజెర్సీలో మొట్టమొదటి రోబోకు అప్పగించిన పని కాలిపోతున్న పోత ముక్కలను అచ్చులోంచి తీయడం. ఆ పని పోయిందని ఏ వేళ్లు ఏడుస్తాయి? మీ దగ్గర కూడా అలాంటిదొకటి ఉంటుంది. దాన్ని వాళ్లే ఎంచాలి. కోబాట్‌కు పని నేర్పడానికి దాని మణికట్టు పట్టుకుని కావాల్సిన దారిలో నడిపిస్తే చాలు, అది గుర్తుంచుకుంటుంది. ఆ మణికట్టు మొదట పెద్దాయన చేత పట్టించండి. తాను నేర్పిన దాన్ని చూసి మనిషి అంతగా బెదరడు.

నా మాటకు ఎదురు పోయే సంగతి ఒకటి ఉంది, దాచను. 2014లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు ఇద్దరు మనుషులు, ఒక రోబో కలిసి చేసే పనిని మూడు రకాలుగా పంచి చూశారు. మనుషులే పంచుకోవడం ఒకటి, కొంత మనుషులు కొంత రోబో ఒకటి, మొత్తం రోబోకే వదిలేయడం ఒకటి. మొత్తం రోబోకు వదిలేసినప్పుడే పని వేగంగా జరిగింది, మనుషులకూ అదే నచ్చింది. చదివి ఆశ్చర్యపోయాను. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. మనసులో పక్షపాతం లేనివాడు పని పంచితే మనమూ ఎదురు చెప్పం. మా షాపులో పని పంచే ఫోర్‌మన్ మీద జనానికి ఎంత కోపముండేదో నాకు తెలుసు, ఆ ఫోర్‌మన్ నేనే. అయితే ప్రయోగశాలలో కాసేపు ఉండి వెళ్లినవారికి, నెల జీతం ఆ పని మీద ఆధారపడినవారికి తేడా ఉంటుంది. మీ టర్నర్లు రెండో రకం.

*

ప్రశ్న: సార్, నేను ఎలక్ట్రానిక్ బోర్డుల తనిఖీలో తొమ్మిదేళ్లుగా ఉన్నాను. కంటికి మంచి పేరుంది. ఏడాది క్రితం నాకంటే ముందు ఒక కెమెరా రోబోను పెట్టారు. అది చూసి పంపినదాన్ని నేను మళ్లీ చూడాలి. పని తేలికైంది, కానీ ఇప్పుడు నా చేతి మీదుగా తప్పులు జారిపోతున్నాయి. ఇంతకుముందు ఇలా లేదు. ‘సోమరితనం వచ్చింది’ అన్నారు మేనేజర్. నేను ఒక్క నిమిషం కూడా కూర్చోను. ఏడుపొచ్చింది.
– మహిళా ఇన్‌స్పెక్టర్, హోసూరు

అమ్మా, మీ మేనేజరుకు ఈ పేజీ చింపి ఇవ్వండి. సరిగ్గా మీ పనినే బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో పరీక్షించి 2023లో ప్రచురించారు. 42 మందిని తీసుకుని, ఎలక్ట్రానిక్ బోర్డుల బొమ్మల్లో తప్పులు పట్టమన్నారు. సగంమంది ఒంటరిగా చూశారు. మిగతా సగానికి, ఈ బోర్డులను పాండా అనే రోబో ముందే చూసేసిందని చెప్పారు. ఆ రోబోను వారు ముందే చూశారు, పనిచేస్తున్నంతసేపూ దాని చప్పుడు వినబడుతుంది. రోబో వదిలేసిన తప్పులు ఐదు. అవే ఐదింటిలో ఒంటరిగా చూసినవారు సగటున 4.2 పట్టారు, రోబో తర్వాత చూసినవారు 3.3. రెండో గుంపువారు తక్కువ సమయం చూశారా అంటే, లేదు. అంతే సేపు చూశారు, బోర్డంతా చూశారు. మేం శ్రద్ధగానే చేశామన్నారు, అది అబద్ధం కాదు. కళ్లు బోర్డు మీదే ఉన్నాయి, మనసే సగం పక్కకు తప్పుకుంది. మీలో సోమరితనం వెతికేవారికి ఇది కనబడదు, మీ చెయ్యి ఆగలేదు కనుక.

మనవాళ్లకు ఇది ఎప్పుడో తెలుసు. పదిమందిలో పాము చావదంటారు. ఎవరో ఒకరు కొడతారులే అని ప్రతివాడి కర్రా కాస్త నెమ్మదిగా లేస్తుంది. రింగెల్‌మాన్ అనే ఫ్రెంచి వ్యవసాయ ఇంజనీరు తాడు లాగించి దీన్ని కొలిచాడు, 1913లో ప్రచురించాడు. లాగేవారు పెరిగేకొద్దీ ఒక్కొక్కరి లాగుడు తగ్గింది. ఇప్పుడు ఆ పదిమందిలో ఒకటి రోబో అయింది, అంతే తేడా. పైగా ఈ రోబో నూటికి తొంభై తొమ్మిది సరిగ్గా చెబుతుందనుకోండి, దాన్ని శంకించే అలవాటే మీ కంటికి పోతుంది. రోజుకు వెయ్యి మంచి బోర్డులు చూసే కన్ను చెడ్డదాన్ని వెతకడం మరిచిపోతుంది. దానికి సాధన చాలడం లేదు.

మా షాపులో వెల్డ్ చుక్కల తనిఖీ దగ్గర ఇదే జరిగినప్పుడు మేం కావాలని చెడగొట్టిన ముక్కలను, రహస్యంగా గుర్తు పెట్టి, షిఫ్టులో నాలుగైదు కలిపేవాళ్లం. పట్టుకుంటే టీ. మొదట్లో జనం తిట్టుకున్నారు, తర్వాత పోటీలు పెట్టుకున్నారు. ఇంకొక పద్ధతి, కొన్ని బోర్డులను మీరు ముందు చూడటం, కెమెరా తర్వాత చూడటం. అప్పుడు మీ వెనక దాన్ని నిలబెట్టినట్టవుతుంది. మూడోది నాకు బాగా ఇష్టమైనది. కెమెరా వదిలేసి మీరు పట్టుకున్న తప్పులను విడిగా ఒక పుస్తకంలో రాయండి. ఇప్పుడు మీ మేనేజరు దగ్గర మీరు వదిలేసిన వాటి లెక్కే ఉంది. దాని తప్పుల లెక్క కూడా ఉండాలి కదా.

*

ప్రశ్న: మా వారు తన లైనులోని రోబోకు ‘బుజ్జి’ అని పేరు పెట్టారు. ఇంటికొచ్చాక ‘ఈరోజు బుజ్జికి ఒంట్లో బాగాలేదు’ అంటారు. మా అత్తగారు దిష్టి తీయమంటున్నారు. నేనేం చెయ్యాలి?
– ఒక గృహిణి, గాజువాక

దిష్టి ఎవరికి తీయమన్నారో రాయలేదు. ఇద్దరికీ తీసేయండి.

కంగారు పడకండమ్మా. రోజుకు ఎనిమిది గంటలు ఒకే చోట ఉన్నదానికి పేరు పెట్టకపోతేనే విచిత్రం. ఎద్దుకు పెట్టలేదా, బండికి పెట్టలేదా? మా షాపులో ‘వెంకన్న’ అని ఒకటి ఉండేది, శనివారాల్లోనే మొరాయించేది. ఆయుధపూజ నాడు రోబోలన్నిటికీ కుంకుమబొట్టు, నిమ్మకాయలు, గేటుకు అరటి పిలకలు. ఒక ఏడాది పూజ మర్నాడు వెంకన్న ఎంతకూ కదలదు. ఇద్దరు ఇంజనీర్లు ల్యాప్‌టాప్ పెట్టుకుని గంటన్నర కుస్తీ పట్టారు. చివరికి చూస్తే, మనిషి అడ్డొస్తే ఆగేలా గేటు దగ్గర పెట్టిన కాంతి తెరకు అరటాకు అడ్డంగా వేలాడుతోంది. ఆకు కోశాం, వెంకన్న కదిలాడు.

ఒక్కటి మాత్రం మీ వారిని అడగండి. బుజ్జి ఆగిపోతే కంచె లోపలికి వెళ్లేముందు, అది మళ్లీ నడవకుండా తాళం వేస్తున్నారా అని. పేరు పెట్టుకున్నదాని మీద చనువు పెరుగుతుంది. నా దిగులు అక్కడే.

*

ప్రశ్న: మొన్నటి సంచికలో మీరు ‘రోబో వచ్చిన చోట కొత్త పనులూ వస్తాయి, కంగారు వద్దు’ అని రాశారు. మా పెయింట్ షాపులో అతుకులు మూసే సీలెంట్ పూసేవాళ్లం తొమ్మిది మందిమి. రోబోలు వచ్చాక ఇద్దరు మిగిలారు. కాంట్రాక్టు అయిపోయిందని నన్ను పంపేశారు. నాకు నలభై మూడేళ్లు. ఆ కొత్త పనులు ఎక్కడున్నాయో అడ్రసు ఇవ్వండి.
– శ్రీపెరంబుదూరు నుంచి తిరిగొచ్చిన పాఠకుడు, కందుకూరు

నా దగ్గర అడ్రసు లేదు. ఆ వాక్యం రాసినందుకు క్షమించండి. కొత్త పనులు వచ్చిన మాట నిజమే, నా కళ్ల ముందే వచ్చాయి. పాత పని పోయిన మనిషికి మాత్రం అవి రాలేదు. డిప్లొమా చేసిన ఇరవై రెండేళ్ల కుర్రాడికి వచ్చాయి. రెండూ కలిపి కూడితే లెక్క సరిపోతుంది, మీ ఇంట్లో మాత్రం సరిపోదు. నేను ఆ కూడిక మాత్రమే రాశాను.

కూడిక కూడా అన్నిచోట్లా సరిపోదు. డారన్ ఏస్‌మోగ్లు, పాస్కల్ రెస్ట్రెపో అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికాలో 1990 నుంచి 2007 వరకు లెక్కలు తీశారు. వెయ్యిమంది పనివారికి ఒక రోబో చొప్పున పెరిగితే, జనాభాలో పని ఉన్నవారి వాటా 0.2 శాతం పాయింట్లు, కూలి 0.42 శాతం తగ్గాయని 2020లో ప్రచురించారు. అంకెలు చిన్నవిగా కనబడతాయి. మీలాంటి తొమ్మిదిమందిలో ఏడుగురు ఆ చిన్న అంకెలోనే ఉంటారు.

మిగిలిన ఆ ఇద్దరూ హాయిగా ఉన్నారనుకోకండి. సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయం పరిశోధకుల బృందం ఒకటి మన దేశంలోనే ఒక వాహన తయారీ సంస్థలో 118 మంది ఇంజనీర్లను పరిశీలించింది. రోబోలతో ఎక్కువగా పనిచేసేవారిలో ఉద్యోగం పోతుందన్న బెంగ, ఆ బెంగ వల్ల అలసట, తోటివారి మీద దురుసుతనం కనబడ్డాయి. వీళ్లు ఇంజనీర్లు, రోబో తీసేసే వరుసలో మొదట ఉన్నవారు కారు. తన విలువలేమిటో కాగితం మీద రాసుకుంటే ఆ బెంగ కొంత తగ్గిందని వాళ్ల ఇంకో ప్రయోగంలో తేలింది. తగ్గితే మంచిదే. నాకైతే ఆ కాగితం మీద నోటీసు లేకుండా తీసేయబోమన్న హామీ రాసి, కింద యాజమాన్యం సంతకం పెడితే ఇంకా ఎక్కువ తగ్గుతుందని అనిపిస్తుంది.

2018 ఏప్రిల్‌లో టెస్లా అధిపతి ఎలాన్ మస్క్, తమ కర్మాగారంలో అతిగా యంత్రాలు దించడం తన పొరపాటేనని, మనుషుల విలువను తక్కువగా అంచనా వేస్తున్నారని బహిరంగంగా ఒప్పుకున్నాడు. ఆ మాట విని మీ కాంట్రాక్టరు మిమ్మల్ని వెనక్కి పిలవడు. కాబట్టి చేయాల్సింది చెయ్యండి. హాజరు కార్డులు, జీతం చీటీలు, గేటు పాసు, ఏది ఉన్నా పారేయకండి. ఏడాదిలో 240 రోజులు పనిచేసినట్టు చూపగలిగితే అడగడానికి మీకొక కాలు మోపే చోటుంటుంది. పీఎఫ్ ఖాతాలో కాంట్రాక్టరు నిజంగా డబ్బు కట్టాడో లేదో చూసుకోండి. ఏడుగురూ కలిసి కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లండి, ఒక్కరే వెళ్లకండి. సీలెంట్ పూసిన చెయ్యి అంటే గన్ను మీద నిలకడ ఉన్న చెయ్యి. ఒంగోలు, నెల్లూరుల్లో బస్సు బాడీలు కట్టే షెడ్లుంటే అడిగి చూడండి. జీతం తక్కువే ఉంటుంది. అబద్ధం చెప్పను.

*

ప్రశ్న: అంకుల్, నేను డిప్లొమా చివరి సంవత్సరం. శిక్షణలో భాగంగా టీచ్ పెండెంట్ (రోబోకు పని నేర్పే చేతి పరికరం) పట్టుకుని రోబో కంచె లోపలికి వెళ్లాలి. లోపలికి అడుగు పెట్టగానే నా చేతులు వణుకుతాయి. మా బ్యాచ్‌లో ఇద్దరమే అమ్మాయిలం. అబ్బాయిలు నవ్వుతారు, మా సారు కూడా ‘భయమైతే కంప్యూటర్ కోర్సు తీసుకోవాల్సింది’ అన్నారు. భయం లేకుండా ఉండటం ఎలా?
– ఒక విద్యార్థిని, కాకినాడ

తల్లీ, నీ చేతిలో ఉన్న ఆ పెండెంట్‌ను తిప్పి వెనక్కి చూడు. ఎడమచేతి వేళ్ల కింద ఒక మీట ఉంటుంది. దాన్ని సగం నొక్కి పట్టుకుంటేనే రోబో కదులుతుంది. వదిలేస్తే ఆగుతుంది. పూర్తిగా బిగించి నొక్కినా ఆగుతుంది. ఎందుకలా పెట్టారో నీకు చెప్పారా? భయపడిన మనిషి రెండే పనులు చేస్తాడు. చేతిలో ఉన్నది వదిలేసి పరిగెడతాడు, లేదంటే కొయ్యబారి ఉన్నదాన్ని గట్టిగా బిగించి పట్టుకుంటాడు. రెండింటికీ రోబో ఆగాలి. అంటే ఆ మీటను చేసినవాళ్లు, లోపలికి వచ్చే మనిషి భయపడతాడని ముందే ఒప్పుకుని చేశారు. నేర్పే సమయంలో రోబో చెయ్యి సెకనుకు 250 మిల్లీమీటర్ల కంటే వేగంగా కదలకూడదన్న నియమం కూడా అందుకే. మనిషి చూసి, ఉలిక్కిపడి, పక్కకు తప్పుకోవడానికి అంత సమయం కావాలి. ప్రపంచమంతా ఒప్పుకున్న నీ భయాన్ని మీ సారు ఒక్కరే ఒప్పుకోవడం లేదు.

భయం లేనివాళ్ల సంగతి చెబుతాను. 1979 జనవరి 25న అమెరికాలోని మిచిగాన్‌లో రాబర్ట్ విలియమ్స్ అనే పనివాడు ముక్కలు తీసుకురావడానికి అరల మధ్యకు ఎక్కాడు. అక్కడ తిరిగే రోబో వెనకనుంచి వచ్చి తగిలింది. రోబో చేతిలో చనిపోయిన మొదటి మనిషిగా ఆయన పేరే చెబుతారు. మన దేశంలో 2015 ఆగస్టులో హరియాణాలోని మానేసర్‌లో ఒక యువకుడు, జారిన రేకును సరిచేయబోయి వెల్డింగ్ రోబోకు దొరికిపోయాడు. ఇద్దరూ పనిచేయబోయే వెళ్లారు, ఆడుకోవడానికి కాదు.

మూడో సంగతి నాది. 2003లో, రాత్రి షిఫ్టు. ఒక రోబో మధ్యలో ఆగిపోయింది. కంచె గేటు తెరిస్తే కరెంటు తెగాలి. కానీ గేటు తెరిచి ఉన్నా మూసినట్టు నమ్మించే ప్లగ్గు ఒకటి మా మరమ్మతు గుంపు దగ్గర ఉండేది. ప్రతిసారీ మొత్తం తిరిగి మొదలుపెట్టక్కర్లేకుండా మేమే చేసుకున్న దొంగ ఏర్పాటు. అది పెట్టి లోపలికి వెళ్లాను. ఫిక్స్‌చర్‌లో ఒక బ్రాకెట్ వంకరగా పడి ఉంది. రోబో ఆగింది చెడిపోయి కాదు. బ్రాకెట్ సరిగా కూర్చుందని సెన్సర్ చెప్పేదాకా ఆగింది. నేను బ్రాకెట్‌ను వేలితో సరిచేశాను. సెన్సర్ చెప్పింది. రోబో వచ్చింది.

హెల్మెట్ ఎగిరిపోయింది. చెవి పక్కగా వెల్డింగ్ గన్ను దాటిపోయింది. మళ్లీ వెనక్కి రావాల్సిన చెయ్యి దారిలోనే నిలిచిపోయింది. బయట నేల తుడుస్తున్న కాంట్రాక్టు కుర్రాడు ఎర్ర బొత్తాం మీద గుద్దాడు. పనిలో చేరిన రోజున అతనికి చెప్పిన మొదటి మాట, ఆ బొత్తాం ముట్టుకోవద్దని.

లైను ఇరవై నిమిషాలు ఆగింది. అనుమతి లేకుండా బొత్తాం నొక్కినందుకు ఆ కుర్రాడికి మెమో ఇచ్చారు. దొంగ ప్లగ్గు సంగతి బయటపెడితే మా గుంపంతా ఇరుక్కుంటుంది. నేను రెండు రోజులు నోరు మెదపలేదు. మూడో రోజు వెళ్లి ప్లగ్గు మేనేజరు బల్ల మీద పెట్టాను. మెమో వెనక్కి తీసుకున్నారు, నా ఇంక్రిమెంటు ఆపారు. ఆ రెండు రోజుల గురించి అతను నన్ను ఎప్పుడూ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

కాబట్టి రేపు లోపలికి వెళ్లేముందు ఎర్ర బొత్తాలు ఎక్కడెక్కడ ఉన్నాయో లెక్కపెట్టుకో. కంచె బయట ఒకరిని నిలబెట్టి, ఒక బొత్తాం మీద వాళ్ల చెయ్యి పెట్టించు. నవ్వే అబ్బాయిల్లో బాగా నవ్వేవాడిని నిలబెట్టు, పనిలో పడతాడు. ఒకసారి బొత్తాం నొక్కించి, రోబో నిజంగా ఆగిందో లేదో చూడు. గేటుకు నీ తాళం వేసి చెవి నీ జేబులో పెట్టుకో, సారు చేతికి కూడా ఇవ్వకు. చేతులు వణికితే వణకనీ, మీట సగంలోనే ఉంచితే చాలు.

నేను ఇప్పటికీ మిక్సీ జార్ కడిగేముందు ప్లగ్గు పీకి తీగను చేతికి చుట్టుకుంటాను. మా ఆవిడ నవ్వుతుంది.